సెగ్మెంట్లు పెంచితే డైపోల్ కరెంట్ ఎందుకు అల్లాడుతోంది?

300 మెగాహెర్ట్జ్, అర మీటర్ డైపోల్ (మధ్యలో ఫీడ్, అంటే పవర్ ఇచ్చే నిటారు వైర్ యాంటెనా), వైర్ వ్యాసార్థం 5 మిల్లీమీటర్లు, మెథడ్ ఆఫ్ మూమెంట్స్‌లో, అంటే వైర్‌ని సెగ్మెంట్లుగా (ముక్కలుగా) చేసి ఒక్కోదాని కరెంట్‌ని మ్యాట్రిక్స్‌తో కనుక్కునే పద్ధతిలో, 21 సెగ్మెంట్లతో నున్నగా వచ్చిన కరెంట్ 201కి పెంచేసరికి ఫీడ్ దగ్గరా రెండు చివర్లా రంపం పళ్లలా అయింది, కోడ్‌లో బగ్గా అని కదా మీ డౌట్. బగ్ కాకపోవచ్చండి. ఇదే గ్రాఫ్ పెట్టుకుని నేను దాదాపు మూడు వారాలు మ్యాట్రిక్స్‌లో ఒక్కో టర్మూ చేత్తో లెక్కేసి సరిచూశా, అన్నీ కరెక్టే వచ్చాయి, అదే ఇంకా మంట.

ముందు ఒక టెస్ట్ చేయండి. మిగతా ఏదీ ముట్టుకోకుండా వ్యాసార్థం ఒక్కటే 0.1 మిల్లీమీటర్‌కి దించి, అదే 201తో రన్ చేయండి. పళ్లు మాయమైతే మీ కోడ్ బానే ఉన్నట్టు, గొడవంతా కెర్నల్‌ది (ఒక చోటి కరెంట్ ఇంకో చోట ఎంత ఫీల్డ్ ఇస్తుందో చెప్పే ఫంక్షన్).

మనం సులువని వాడేది రెడ్యూస్డ్ కెర్నల్, అంటే కరెంట్ వైర్ నడిమధ్య గీత మీద ఉందనుకుని ఫీల్డ్‌ని ఉపరితలం మీద చూస్తాం, కాబట్టి దూరం ఎప్పుడూ వ్యాసార్థం కంటే తగ్గదు, ఎక్కడా సింగ్యులారిటీ (విలువ అనంతమైపోయే చోటు) రాదు, కోడ్ రాయడానికి హాయి. కానీ ఆ హాయే కొంప ముంచుతుంది. కెర్నల్ అంత నున్నగా ఉంటే కరెంట్‌లో వ్యాసార్థం కంటే చిన్న స్కేల్‌లో వచ్చే ఎగుడుదిగుళ్లు ఫీల్డ్‌లో దాదాపు కనపడవు, అంటే మ్యాట్రిక్స్‌కి అవి ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే, దాంతో సెగ్మెంట్లు పెంచేకొద్దీ కండిషన్ నంబర్ (చిన్న తప్పుని మ్యాట్రిక్స్ ఎంత పెద్దది చేస్తుందో చెప్పే సంఖ్య) పేలిపోతుంది. ఇంకో సంగతి, డెల్టా గ్యాప్ సోర్స్‌తో (ఫీడ్‌ని వెడల్పే లేని గ్యాప్‌లో వోల్టేజ్ అనుకునే మోడల్) ఆ రెడ్యూస్డ్ ఈక్వేషన్‌కి అసలు ఎగ్జాక్ట్ సొల్యూషనే లేదు! లేనిదాని వైపు కన్వర్జ్ అవ్వమంటే పాపం అదేం చేస్తుంది, డబుల్ ప్రెసిషన్ కాదు కదా ఎంత ప్రెసిషన్ పెట్టినా అల్లాడుతూనే ఉంటుంది.

మీ లెక్కలో 21 దగ్గర సెగ్మెంట్ సుమారు 24 మిల్లీమీటర్లు, వ్యాసార్థానికి దాదాపు 5 రెట్లు. 201కి వచ్చేసరికి రెండున్నర మిల్లీమీటర్లు, అంటే సగమే. ఎన్ఈసీ-2 (వైర్ యాంటెనాల సిమ్యులేషన్ ప్రోగ్రామ్) మాన్యువల్ అయితే మామూలు థిన్ వైర్ కెర్నల్‌కి 8 రెట్లు ఉండాలంటుంది, ఎక్స్‌టెండెడ్ కెర్నల్ వాడితే 2 చాలంటుంది. ఆ 8 లెక్కన మీ వైర్‌కి 11 సెగ్మెంట్లే, బేసి ఎందుకంటే ఫీడ్ సరిగ్గా మధ్య సెగ్మెంట్‌లో పడాలి కాబట్టి. 11 మరీ తక్కువ అనిపిస్తుంది కానీ ఎన్ఈసీ-2లో బేసిస్ (ఒక్కో సెగ్మెంట్‌లో కరెంట్ ఏ ఆకారంలో ఉందనుకుంటామో అది) కాన్‌స్టంట్, సైన్, కొసైన్ మూడూ కలిపినది, మీ పల్స్ బేసిస్‌కి (సెగ్మెంట్ అంతటా ఒకే విలువ) అదే 11 పెడితే మొరటుగా వస్తుంది. పీస్‌వైజ్ సైనుసాయిడల్‌కి (ముక్కముక్కకీ సైన్ ఆకారం) మారండి, హాఫ్ వేవ్ డైపోల్ కరెంట్ ఎలాగూ సైన్‌కి దగ్గరే కాబట్టి తక్కువ సెగ్మెంట్లతోనే కుదురుకుంటుంది.

వైర్ కరెంట్‌కి ఉన్న రెండు ఇంటిగ్రల్ ఈక్వేషన్లలో పాక్లింగ్టన్‌దా హాలెన్‌దా ఏది వాడాలి అన్నారు కదా, నిటారు వైర్ ఒక్కటే అయితే హాలెన్‌కే నా ఓటు, కెర్నల్ మీద డెరివేటివ్‌లు ఉండవు, పల్స్‌తో కూడా త్వరగా సెటిల్ అవుతుంది. వంకర వైర్లు, జంక్షన్లు వస్తే మాత్రం దాంతో తలనొప్పే. అయితే ఏది వాడినా కెర్నల్ రెడ్యూస్డ్ అయితే ఈ జబ్బు పోదు.

లావు వైర్ తప్పదంటే ఎగ్జాక్ట్ కెర్నల్ రాసుకోవాల్సిందే, చుట్టుకొలత మీద సగటు తీసి, లోపలున్న లాగ్ సింగ్యులారిటీని విడదీసి దాన్ని పెన్నూ పేపర్‌తో ఇంటిగ్రేట్ చేయాలి. అప్పుడు కరెంట్ కుదురుకుంటుంది కానీ ఇన్‌పుట్ ససెప్టెన్స్ (అడ్మిటెన్స్‌లో ఇమాజినరీ భాగం) మాత్రం సెగ్మెంట్లు పెంచినప్పుడల్లా మెల్లగా పెరుగుతూ పోతుంది, మళ్లీ కంగారు పడకండి, వెడల్పే లేని గ్యాప్‌కి కెపాసిటెన్స్ అనంతం కదా, గ్యాప్ వెడల్పు ఫిక్స్ చేసేయండి లేదా మాగ్నెటిక్ ఫ్రిల్ (ఫీడ్ చుట్టూ ఉంగరంలాంటి మాగ్నెటిక్ కరెంట్ సోర్స్) పెట్టండి.

సరిచూసుకోడానికి బాగా సన్నటి వైర్‌తో హాఫ్ వేవ్ ఇంపెడెన్స్ 73 ప్లస్ జె 42.5 ఓమ్‌ల చుట్టుపక్కల రావాలి. నాకోసారి రియాక్టెన్స్ బానే వచ్చి రెసిస్టెన్స్ మైనస్‌లో వచ్చింది, యాంటెనా నాకే తిరిగి పవర్ ఇస్తోంది అన్నమాట, చూస్తే ఎక్స్‌పొనెన్షియల్‌లో మైనస్ జె బదులు ప్లస్ జె కొట్టా.

వ్యాసార్థం తగ్గించినా పళ్లు పోకపోతే సెల్ఫ్ టర్మ్ (సెగ్మెంట్ తన మీద తానే చూపే ప్రభావం) ఇంటిగ్రేట్ చేసే ఆ నాలుగు లైన్లు ఇక్కడ పెట్టండి, చూస్తా.