సీబీఐ ఎస్సైకి బీకాం పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి శ్రీకాకుళంలో బీకాం రెండో సంవత్సరం. సీబీఐలో చేరతానని పట్టుబడుతోంది. ఎత్తు 152 సెంటీమీటర్లు, కళ్లద్దాలున్నాయి. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. తెలిసినాయన ఒకరు నాలుగు లక్షలిస్తే అందులో కానిస్టేబుల్‌గా వేయిస్తానంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక తండ్రి, ఆమదాలవలస

జవాబు: ముందు ఆ నాలుగు లక్షల సంగతి. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. లంచగొండుల్ని పట్టుకునే ఉద్యోగాన్ని లంచమిచ్చి కొనడమేమిటండీ! సీబీఐకి కానిస్టేబుళ్లు ఎక్కువగా రాష్ట్ర పోలీసు నుంచి, కేంద్ర బలగాల నుంచి డెప్యుటేషన్ మీద వస్తారు. డిగ్రీ పిల్లలకున్న అసలు దారి స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ (కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్) పరీక్ష. దాంతో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరొచ్చు.

ఎత్తు గురించి టెన్షన్ వద్దు. మహిళలకు 150 సెంటీమీటర్లు చాలు. అద్దాలు పెట్టుకున్నాక దూరపు చూపు ఒక కంటికి 6/6, రెండో కంటికి 6/9 ఉంటే సరిపోతుంది. మన జిల్లాలో పోలీసన్నా ఆర్మీ అన్నా తెల్లవారకముందే గ్రౌండుకి పోవడమే గుర్తొస్తుంది గానీ, ఈ పోస్టుకి పరుగు పరీక్షే లేదు.

ఎందుకంటే ఇది చాలావరకు కాగితాల పని. యుద్ధకాలపు సరఫరాల్లో లంచాల కేసులు చూడడానికి 1941లో పెట్టిన విభాగమే 1963లో సీబీఐ అయింది. ఇప్పటికీ బ్యాంకులు, రైల్వే, కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో అవినీతి దాని ప్రధానమైన పని. ట్రాప్ కేసునే, అంటే లంచం తీసుకుంటుండగా వల వేసి పట్టుకునే కేసునే తీసుకోండి. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. తీసుకున్నవాడి వేళ్లు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. సాక్షుల ముందే సీసాలో పోసి సీలు వేస్తారు. టీవీలో చూపించేది అంతవరకే. ఆ తర్వాత కోర్టులో నిలబడేలా ప్రతి అడుగూ రాసిపెట్టాలి. ఆదాయానికి మించిన ఆస్తుల కేసైతే ఏళ్ల తరబడి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు కలిపి చూడాలి. బ్యాలెన్స్ షీట్ చదవడం వచ్చిన పిల్లకు ఇది కలిసొచ్చే విషయం. బీకాం మాన్పించి వేరే కోర్సులో వేయాలని మాత్రం అనుకోకండి.

నాకు కనిపించే అసలు అడ్డంకి ఇంగ్లిష్. సీజీఎల్ తెలుగులో ఉండదు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే. మొదటి దశ పరీక్ష టైర్-1లో నాలుగో వంతు, రెండో దశ టైర్-2లో 45 ప్రశ్నలు ఇంగ్లిష్‌వే. కోచింగ్ ఫీజు కట్టే ముందు రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్లో ఎడిటోరియల్ చదివి, దాని సారాంశం నాలుగు వాక్యాల్లో రాయమనండి. విసుగు పుట్టినా ఆరు నెలలు మానకూడదు.

వయసు 20 నుంచి 30 ఏళ్లు; బీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. మూలవేతనం 44,900 రూపాయలతో మొదలవుతుంది. ఇదే పరీక్షతో ఆదాయపన్ను ఇన్‌స్పెక్టర్, ఈడీలో అసిస్టెంట్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ పోస్టులూ ఉన్నాయి కాబట్టి కష్టం వృథా పోదు. సీబీఐయే కావాలంటే పోస్టుల ప్రాధాన్యం ఇచ్చేటప్పుడు దాన్నే పైన పెట్టాలి.

విశాఖలో సీబీఐ శాఖ ఉంది గానీ మొదటి పోస్టింగ్ అక్కడే వస్తుందని లెక్కలు వేసుకోకండి. ఢిల్లీ అయినా గువాహటి అయినా వెళ్తుందా, మీరు పంపుతారా అన్నది ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి.