‘టెన్షన్’ అన్న మాట వెనక ఏముంది?

ప్రశ్న: మా అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాడు. దసరా సెలవులకు వచ్చాడు. వాడి రఫ్ నోట్సులో ‘నేను లేకపోతే ఇంట్లో అందరికీ టెన్షన్ తగ్గుద్ది’ అని రాసి ఉంది. అడిగితే ‘ఊరికే రాశా’ అంటున్నాడు. మావారేమో ఫీజంతా కట్టేశాం, ఇంకొన్ని నెలలు ఓర్చుకుంటే జేఈఈ అయిపోతుంది అంటున్నారు. ఆదివారం తిరిగి పంపాలి. జేఈఈ మాన్పించి ఈఏపీసెట్ ఒక్కటే రాయించమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ మెయిల్ చూసిన రోజే ఫోన్‌లో మాట్లాడుకున్నాం. ఇలాంటి నోట్సు ఇంకో ఇంట్లోనూ ఉండొచ్చు కనక అప్పుడు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఏ పరీక్ష అన్నది తర్వాత. ఆదివారం మాత్రం పంపకండి.

‘ఊరికే రాశా’ అన్నాడని ఊరుకోవద్దు. పక్కన కూర్చుని సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరికీ భయం. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని దీని మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. అవునంటే వాదించొద్దు, ఒట్లు వేయించుకోవద్దు. మీకు ఏడుపొస్తే రానివ్వండి, ఫరవాలేదు. వాణ్ని ఒంటరిగా వదలకండి. పొలం మందులు, ఇంట్లో మాత్రలు తాళంలో పెట్టండి. 14416 టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది. రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. కాదన్నా సరే, ఈ వారంలోనే సైకియాట్రిస్టుకు చూపించండి.

ఇంత చిన్న విషయానికి అంత మాటా అని మీవారు అడిగారన్నారు కదా. ర్యాంకు పడిపోయినప్పుడు ‘నా పని అయిపోయింది’ అనిపించడం పెద్దవాళ్లకూ ఉంటుంది. కానీ మనకు దాని వెనకే ‘పోన్లే, చూద్దాం’ అన్న మాట వస్తుంది. ఆ ‘పోన్లే’ అనిపించే పనిలో నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే మెదడు భాగానికి పెద్ద పాత్ర ఉంది. అది పూర్తిగా ముదరడానికి పాతికేళ్లు పడుతుంది. భయాన్నీ అవమానాన్నీ వెంటనే పట్టేసే అమిగ్డాలా అనే మరో భాగం మాత్రం పదిహేడేళ్లకే మంచి జోరుమీద ఉంటుంది. అందుకే వాడికి ఆ నిమిషం నిజంగానే దారి మూసుకుపోయినట్టు ఉంటుంది, అది నటన కాదు. పైగా ఈ వయసులో రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండుకు లైట్లార్పి ఐదుకు బెల్లు కొట్టే చోట ఆ ‘పోన్లే’ ఎక్కణ్నుంచి వస్తుంది?

అందాకా ఆ మాట మీరే అనాలి. అనడమంటే ధైర్యం చెప్పడం కాదు, వాడు పూర్తిగా చెప్పేదాకా వినడం.

మన పిల్లలు అన్నిటికీ ‘టెన్షన్’ అంటారు. ఓసారి ఒకబ్బాయి నా ముందు అరగంట సేపు అదే మాట అన్నాడు. ‘భయమా, బెంగా, ఉక్రోషమా, సిగ్గా?’ అని ఒక్కొక్కటీ అడిగితే ‘సిగ్గు’ దగ్గర ఆగాడు. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చారట. పట్టపగలు ట్రంకు పెట్టె మోసుకుంటూ పాత రూమ్మేట్ల ముందు నుంచి కింది అంతస్తుకు దిగాడట. వాడికి లెక్కలతో పేచీ లేదు, ఆ మెట్లతోనే. మనసులో ఉన్నదానికి సరైన పేరు పెడితే అమిగ్డాలా జోరు కొంత తగ్గుతుందని మెదడు స్కాన్లతో చేసిన పరిశోధనల్లో తేలింది. మీ అబ్బాయి రాసిన ‘టెన్షన్’ ఏదో తెలిస్తే సగం దారి దొరుకుతుంది.

ఇలా మార్కులను బట్టి పిల్లల్ని వేరు చేయొద్దని, వంద మందికి పైగా చదివే చోట అర్హతగల కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులోనే ఆ తీర్పు వచ్చింది. ప్రిన్సిపల్‌తో మాట్లాడేటప్పుడు ఈ మాట ఎత్తండి, మీరు బతిమాలాల్సిన పనేం లేదు.

ఇక చదువు. కట్టిన ఫీజు ఎలాగూ వెనక్కి రాదనుకోండి, దాన్ని లెక్కలోంచి తీసేయండి. జేఈఈ మెయిన్ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఉంటుంది. ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి వరసగా మూడేళ్లు రాయొచ్చు, కాబట్టి ఈ ఏడాదే ఆఖరు కాదు. బోర్డు పరీక్షలు తప్పినా సప్లిమెంటరీ ఉంది. డాక్టరు సరే అంటే డే స్కాలర్‌గా మార్చి, మీరో నాయనమ్మో అక్కడ గది తీసుకుని ఉండండి. ఈఏపీసెట్ ఒక్కటే సరిపోతుందా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు, వాడు నాలుగు రాత్రులు కంటినిండా నిద్రపోయాక చెప్పాలి. ఎంపీసీ అంటే ఇంజినీరింగ్ ఒక్కటే అని ఎవరన్నారు? స్టాటిస్టిక్స్, ఆర్కిటెక్చర్, డిజైన్ సంగతి వాడి ముందు ఎవరూ ఎత్తి ఉండరు.

డాక్టర్‌ని కలిశాక మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరంలో రెండు లైన్లు వాడినే రాయమనండి.