వాడి భోజనం పూర్తి కానివ్వు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను, మొదటిసారి బస్సులో నిలబడి చదివా కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసెయ్. బావుంది. ఆ చెరువు గట్టు సీన్ అయితే మరీను. కానీ ఆ కాంట్రాక్టర్ ఉన్నాడు చూడు, వాడు వచ్చిన ప్రతిచోటా అరుస్తాడు, బల్ల గుద్దుతాడు, కళ్ళెర్రజేస్తాడు, మూడో పేజీకొచ్చేసరికి నాకు వాడంటే భయం పోయి జాలేసింది, పాపం గొంతు పోతుందేమో అని.

నీకు టిటో గోబ్బి గురించి చెప్పాలి. ఇటలీ ఆయన, ఒపేరాలో, అంటే పాటలతోనే నడిచే నాటకాల్లో, బారిటోన్. రిటైరయ్యాక నిద్రపట్టక యూట్యూబ్‌లో పడి పట్టుకున్నాను, అంతకుముందు నాకూ ఒపేరా అంటే ఎవరో లావుపాటావిడ కిటికీ అద్దాలు పగిలేలా పాడటం, అంతే. బారిటోన్ అంటే మగ గొంతుల్లో మధ్యరకం, టెనార్‌కి కింద, బాస్‌కి పైన. అక్కడ హీరో వేషాలు ఎక్కువగా టెనార్‌కే పోతాయి, బారిటోన్‌కి మిగిలేది తండ్రి వేషమో, అడ్డుపడేవాడో, దుర్మార్గుడో. అంటే నీ కాంట్రాక్టర్ లాంటివాళ్ళందరూ ఆయన ఖాతాలోవాళ్ళే అన్నమాట.

1913లో బస్సానో దెల్ గ్రాప్పా అనే ఊళ్ళో పుట్టాడు. పాదువాలో లా చదువుతుంటే వాళ్ళకి తెలిసిన ఒక జమీందారు ఈ గొంతు విని, నువ్వు పాట నేర్చుకో అన్నాడట, దాంతో రోమ్ వెళ్ళి జూలియో క్రిమీ దగ్గర చేరాడు. 1935లో గుబ్బియో అనే చిన్న ఊళ్ళో మొదటిసారి స్టేజీ ఎక్కాడు, అదీ బాస్ గొంతుకి రాసిన వేషంతో. తర్వాత మిలాన్‌లో లా స్కాలా, అంటే ఆ లోకానికి అదే తిరుపతి అనుకో, అక్కడ అండర్‌స్టడీ. ఇంకొకడికి జ్వరమొస్తే వేషం వెయ్యటానికి రెడీగా కూర్చోవడం అదో ఉద్యోగం. అక్కడే సొంతంగా చెప్పుకోదగ్గ వేషం వచ్చింది 1942లో. నీకేమో రెండో కథకే ఆదివారం అనుబంధంలో కలర్ బొమ్మ కావాలి. ఊరికే అన్నాలే.

అసలు సంగతి, ఆయనది అందరికంటే పెద్ద గొంతు కాదు. పై స్వరాలు అలవోకగా వచ్చేవీ కావు. ఆయన కాలంలో అంతకంటే నిండు గొంతులవాళ్ళున్నారు, ఎత్తోరే బాస్టియానీనిని విను, తేనె. అయినా దుర్మార్గుడు అనగానే జనం గోబ్బినే తలుచుకుంటారు, ఎందుకంటే ఆయన మాటని పాడేవాడు, ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు వేసేవాడు.

1953 ఆగస్టులో లా స్కాలాలో పుచ్చీనీ రాసిన టోస్కా అనే ఒపేరా రికార్డింగు జరిగింది. పాడేది మరియా కల్లాస్, గోబ్బి, వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ విక్టర్ దే సబాతా. ఆయన గోబ్బి చేత మొదటి అంకంలో పాట మొత్తం ముప్ఫైసార్లు పాడించాడని ఆ రికార్డు తీసిన వాల్టర్ లెగ్ తర్వాత రాశాడు. ఎక్కడో స్వరం తప్పి కాదయ్యా, ఒక్కో అక్షరం మీద ఒత్తు మార్చి చూడటానికి! అప్పటికి గోబ్బి స్టేజీ ఎక్కి పద్దెనిమిదేళ్ళు. నువ్వు రెండో డ్రాఫ్ట్ అంటే మొహం ముడుచుకున్నావు గుర్తుందా, ఫోన్లోనే కనబడింది నాకు.

ఇప్పుడు రెండో అంకం చూడు, 1964లో లండన్ కోవెంట్ గార్డెన్ ఒపేరా హౌస్‌లో కల్లాస్‌తో చేసినప్పుడు టీవీ వాళ్ళు తీశారు, బ్లాక్ అండ్ వైట్. గోబ్బి వేసిన స్కార్పియా రోమ్ పోలీసు పెద్ద, కల్లాస్ వేసిన టోస్కా ఒక గాయని. రాత్రి భోజనం చేస్తుంటాడు. పక్కగదిలో టోస్కా ప్రియుణ్ణి చిత్రహింస పెడుతున్నారు, అరుపులు వినబడుతున్నాయి. తర్వాత వాణ్ణి ఉరికి ఈడ్చుకుపోతారు, ఆమె కుప్పకూలిపోతుంది. అప్పుడు స్కార్పియా ఏమంటాడనుకున్నావు? పాపం నా భోజనం మధ్యలో ఆగిపోయింది అంటాడు. అంత దిగాలుగా ఉన్నారేం, ఇలా కూర్చోండి, ఇది స్పెయిన్ వైను, ఒక గుక్క తాగండి, ఓపికొస్తుంది అంటాడు. ఆమె "ఎంత?" అంటుంది. వాడు "ఎంతా?" అంటాడు. "ధర!" అంటుంది. అంతే, నాకు ఒళ్ళు జలదరించింది, అర్ధరాత్రి లేచి లైటేసుకున్నాను. అరుపుల్లేవు, బల్ల గుద్దుడు లేదు, ఉన్నదల్లా మర్యాద.

నేనూ తక్కువ తినలేదులే. నా మొదటి నవల్లో మునసబు పేజీకి మూడుసార్లు "ఒరేయ్" అని గర్జించేవాడు. ఒక పత్రిక ఎడిటరు తిప్పి పంపుతూ మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో "వీడికి బీపీ ఉందా?" అని రాశాడు. నెల్లాళ్ళు ఆయన్ని తిట్టుకున్నా, ఆ కాగితం మాత్రం ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఇంకోటి, గోబ్బి దుర్మార్గుడి వేషాల దగ్గరే ఆగిపోలేదు. ఫాల్‌స్టాఫ్ అనే హాస్యపాత్రలో నవ్వించాడు, 1942లోనే రోమ్‌లో వొజ్జెక్ అనే బీద సిపాయిగా పాడాడు, అది నాజీలు నిషేధించిన ఆల్బన్ బెర్గ్ సంగీతం, పైగా యుద్ధం మధ్యలో. దాదాపు వంద ఒపేరాలు వచ్చాయి ఆయనకి. మేకప్ కూడా తనే వేసుకునేవాడు. నువ్వు కాంట్రాక్టర్‌కి మీసం, బంగారు గొలుసు, తెల్లచొక్కా పెట్టావు, ఆ మూడూ సినిమావాళ్ళ సామాను, వాళ్ళకిచ్చెయ్.

మూడో పేజీ మళ్ళీ రాసి పంపు. రంగయ్య పొలం కాగితాల కోసం వాడింటికి వెళ్ళేసరికి వాడు అన్నం తింటూ ఉండాలి. ముద్ద కలుపుతూనే "రండి రంగయ్య గారూ, భోంచేశారా" అని అడగనివ్వు. రంగయ్య ఏమంటాడో నాకూ తెలీదు, అది నువ్వే చెప్పాలి.

అన్నయ్య