నర్సు అంటే ఏ నర్సు?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి, అల్లుడు ఫ్లోరిడాలో, టాంపాలో ఉంటారు. మనవడు 27 వారాలకే పుట్టాడు, ఇప్పుడు పద్నాలుగు నెలలు. ఊపిరికి గొంతు దగ్గర చిన్న గొట్టం, దాన్ని ట్రాక్ అంటారట. పాలు పట్టడానికి పొట్ట మీద ఇంకో గొట్టం. గొంతులో గురగుర మొదలైతే వెంటనే మెషిన్‌తో కఫం లాగాలి. దాదాపు ఆరు నెలలుగా పగలంతా నేనే చూసుకుంటున్నాను, నా గడువు అయిపోవస్తోంది, వచ్చే నెల వెనక్కి వచ్చేయాలి. డాక్టర్లు పీపెక్ అనే డేకేర్‌లో చేర్చమన్నారు, అక్కడంతా నర్సులేనట. ఆయాలకి నాలుగు రోజులు ట్రైనింగ్ ఇచ్చి నర్సులంటున్నారేమోనని ఒకటే టెన్షన్. ఎలా తెలుసుకోవాలి?

జవాబు: అమ్మా, ఆరు నెలలు ఆ గురగుర వింటూ కూర్చున్న మీకు అనుమానం రావడంలో వింతేం లేదు. మనవైపు ఆసుపత్రిలో యూనిఫాం వేసుకున్న ఆడవాళ్ళందరినీ సిస్టర్ అనే పిలుస్తాం, వాళ్ళు ఏం చదువుకున్నారో అడగం. అమెరికాలో మాత్రం అడగాల్సిందే, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు కూడా.

పీపెక్ అంటే ప్రిస్క్రైబ్డ్ పీడియాట్రిక్ ఎక్స్‌టెండెడ్ కేర్, వైద్యం అవసరమైన పిల్లల్ని పగలు చూసుకునే చోటు, మామూలు డేకేర్ కాదు. డాక్టరు రాసిస్తేనే చేర్చుకుంటారు, రోజుకి 12 గంటలకి మించి ఉంచుకోరు, రాత్రిళ్ళు అసలే ఉంచుకోరు. దీనికి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు వేరు, ఇచ్చేది ఏజెన్సీ ఫర్ హెల్త్ కేర్ అడ్మినిస్ట్రేషన్. ప్రతి ముగ్గురు పిల్లలకి కనీసం ఒకరు చొప్పున మనిషి ఉండాలి, ఒక్కరే డ్యూటీలో ఉంటే ఆ ఒక్కరూ ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు, అయి తీరాలి. పైన మెడికల్ డైరెక్టర్‌గా పిల్లల డాక్టరు ఉంటారు.

ఇక మీ అసలు భయం. లోపల మూడు రకాల వాళ్ళుంటారు. ఆర్ఎన్ అంటే రెండేళ్ళో నాలుగేళ్ళో నర్సింగ్ చదివి ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష పాసైన మనిషి, బాబు పరిస్థితి చూసి ఏం చేయాలో నిర్ణయించేది ఆమే. ఎల్‌పీఎన్, అంటే లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు, చదువు సుమారు ఏడాది, ఆమె ఆర్ఎన్ చేతికింద పనిచేస్తుంది. మూడో రకం సహాయకులు, వాళ్ళు నర్సులు కారు, డైపర్ మార్చడం, ఆడించడం, ఎత్తుకోవడం వాళ్ళ పని. ఆర్ఎన్ ఉద్యోగానికి లైసెన్సు ఒక్కటే చాలదు, పిల్లల నర్సింగ్‌లో అనుభవం, అందులో కొన్ని నెలలైనా ఇలా మెషిన్ల మీద ఆధారపడ్డ పిల్లలని చూసిన అనుభవం ఉండాలి. పెద్దల వార్డులో ఇరవై ఏళ్ళు చేసిన నర్సమ్మకి కూడా పసివాడి ట్రాక్ కొత్తే మరి. నేను హైదరాబాద్‌లో ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, పనిచేసి అమెరికాకి వచ్చినదాన్ని, మొదటిసారి ఒంటరిగా ట్రాక్ మార్చినప్పుడు నా చెయ్యి వణికింది.

సెంటర్ చూడ్డానికి వెళ్ళినప్పుడు గోడలకంటించిన రంగుల బొమ్మలు చూసి వచ్చేయకండి. "మా బాబుని రోజూ చూసేది ఎవరు, పేరు చెప్పండి" అని అడగమనండి అమ్మాయిని. ఆ పేరు ఫ్లోరిడా ఆరోగ్యశాఖ వెబ్‌సైట్‌లో కొడితే లైసెన్సు నడుస్తోందా, ఎప్పుడైనా చర్య తీసుకున్నారా అన్నది పైసా ఖర్చు లేకుండా కనిపిస్తుంది. తర్వాత ఆ నర్సుని ట్రాక్ ఉన్న పిల్లల ఎమర్జెన్సీ సంచీ ఒకటి తెరిచి చూపించమనండి. పిల్లాడికి వేసిన సైజు గొట్టం ఒకటి, దానికంటే ఒక సైజు చిన్నది ఒకటి, సక్షన్ గొట్టాలు, గాలి కొట్టే అంబూ సంచీ ఉండాలి. పెద్ద సైజు లోపలికి పోనప్పుడు ప్రాణం నిలబెట్టేది ఆ చిన్నదే. "మధ్యాహ్నం భోజనాల వేళ ట్రాక్ ఊడిపోతే మొదట చెయ్యి వేసేది ఎవరు?" అని కూడా అడగాలి. ఫైలు తిరగేయకుండా జవాబు వచ్చిందంటే మంచి చోటే. మేనేజర్ కోసం వెతుక్కున్నారంటే ఇంకో సెంటర్ చూడండి, సిగ్గుపడక్కర్లేదు.

ఇంకొకటి. మీరు బయల్దేరేలోపే చేర్చండి. మొదటి వారం మీరో అమ్మాయో పక్కన కూర్చోనిస్తారేమో కనుక్కోండి. వాడికి కఫం ఎలా మొదలవుతుందో, దగ్గేముందు మొహం ఎలా పెడతాడో మీకు తెలిసినంతగా ఏ లైసెన్సూ చెప్పదు, అది నర్సు చెవిన వేసి రండి.

ప్రశ్న: కాకినాడలో జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా చేసి, మూడేళ్ళు పిల్లల వార్డులో పనిచేశాను. ఇప్పుడు ఓర్లాండోలో ఉంటున్నాను, హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఈఏడీ, అంటే పనిచేసుకునే అనుమతి, ఉంది. పీపెక్‌లో నర్సుగా చేరొచ్చా?

జవాబు: ఎన్‌క్లెక్స్ పాసై లైసెన్సు చేతికొచ్చేదాకా నర్సు అని చెప్పుకోకూడదు తల్లీ, మాటవరసకి కూడా వద్దు, ఫ్లోరిడాలో అది నేరం. ముందు మీ చదువు పత్రాల మూల్యాంకనం జరగాలి, కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు నేరుగా ఆ మూల్యాంకనం చేసేవాళ్ళకే చేరాలి. అసలు ఆలస్యం ఇక్కడే, పరీక్షలో కాదు. అందుకే కాకినాడలో ఉన్న తమ్ముడినో బావగారినో ఇప్పుడే కాలేజీ ఆఫీసుకి పంపండి. ఈలోగా పిల్లల్ని చూసుకున్న అనుభవం మీద సహాయకురాలిగా ప్రయత్నించొచ్చు. సీపీఆర్ కార్డు, వేలిముద్రల బ్యాక్‌గ్రౌండ్ చెక్ మాత్రం తప్పవు. జీతం తక్కువే, కానీ ట్రాక్ పిల్లల మధ్య తిరిగిన ఆ రోజులు తర్వాత ఇంటర్వ్యూలో మాట్లాడతాయి.

ప్రశ్న: మా నాలుగేళ్ళ పాపకి టైప్ 1 షుగర్. ఇక్కడ జాక్సన్‌విల్‌లో మామూలు డేకేర్ వాళ్ళు "మా దగ్గర నర్సు లేదు" అని చేర్చుకోనన్నారు. పీపెక్‌కే వెళ్ళాలా?

జవాబు: షుగర్ ఒక్కటే అయితే అంత దూరం పోనక్కర్లేదు. వికలాంగుల హక్కుల చట్టం, అదే ఏడీఏ, ప్రైవేటు డేకేర్లకీ వర్తిస్తుంది, చర్చిలూ గుళ్ళూ నడిపేవాటికి తప్ప. నర్సు లేదన్న ఒక్క కారణంతో షుగర్ ఉన్న పిల్లల్ని వద్దనడం సాధారణంగా కుదరదు. తల్లిదండ్రులూ డాక్టరూ రాసిస్తే వేలిని గుచ్చి షుగర్ చూడటం మామూలు సిబ్బంది చేయగల పనే. డాక్టరు చీటీ పట్టుకుని మళ్ళీ వెళ్ళండి, ఈసారి వాళ్ళు ఏం చెప్పినా రాతపూర్వకంగా ఇమ్మనండి.