ఖాళీ కడుపుతో వెళ్లినా ఎండోస్కోపీలో సరిగా కనబడలేదన్నారు!

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. కడుపులో మంట, త్రేన్పులు. రాత్రి ఎనిమిదింటికి తిన్నాక మంచినీళ్లు కూడా ముట్టలేదు. అయినా ఎండోస్కోపీ రిపోర్టులో ‘జిగురు ఎక్కువ, లోపలి గోడ పూర్తిగా కనబడలేదు, హెచ్. పైలోరీ అనుమానం’ అని రాసి మళ్లీ రమ్మన్నారు. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇందులో మీ పొరపాటేమీ లేదమ్మా. పస్తుంటే తిన్నది ఖాళీ అవుతుంది కానీ జిగురు పోదు. దాన్ని ఊరించేది కడుపు గోడే. హెచ్. పైలోరీ బ్యాక్టీరియా వల్ల గోడ వాస్తే, ఆ జిగురు తెల్లగా చిక్కబడి మడతల మధ్య తీగలు సాగుతుంది. గొట్టంలోంచి నీళ్లు చిమ్మినా ఒక పట్టాన వదలదు. తొలిదశ క్యాన్సర్ ఒక్కోసారి కాస్త ఎర్రబడ్డ మచ్చలాగానో, పాలిపోయిన మచ్చలాగానో ఉంటుంది. జిగురు కింద అది ఉంటే కంటికి దొరకదు. అందుకే మళ్లీ చేయించడమే మంచిది.

ఈసారి ఘనాహారం 6 గంటల ముందు ఆపితే చాలు. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు. జిగురు కరిగే మందు ఇస్తారేమో ముందే అడగండి. సాధారణంగా 600 మి.గ్రా. ఎన్-అసిటైల్ సిస్టీన్, 100 మి.గ్రా. సిమెథికోన్ 100 మి.లీ. నీళ్లలో కలిపి, పరీక్షకు 20–30 నిమిషాల ముందు తాగిస్తారు. మొదటిది జిగురును పలుచన చేస్తుంది, రెండోది నురగను విరగ్గొడుతుంది. సిమెథికోన్ ఒక్కటే ఇస్తే జిగురు అలాగే ఉండిపోతుంది. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. జపాన్‌లో ఇదే పనికి ప్రొనేజ్ అనే ఎంజైమును తాగిస్తారు.

జిగురు ఉన్నంత మాత్రాన హెచ్. పైలోరీ ఉందని తేలినట్టు కాదు. ఎండోస్కోపీలోనే కడుపు గోడ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష ద్రవంలో వేస్తారు. బ్యాక్టీరియా ఉంటే పసుపు రంగు గులాబీకి మారుతుంది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి బిళ్లలు వాడుతుంటే బ్యాక్టీరియా తగ్గి, ఉన్నా లేనట్టు రావచ్చు. డాక్టరు సరేనంటే వీటిని 2 వారాల ముందు, యాంటీబయాటిక్స్ అయితే 4 వారాల ముందు ఆపాలి. ముక్కలు కూడా కడుపు కింది భాగం నుంచి ఒకటి, పై భాగం నుంచి ఒకటి తీయడం మేలు. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు.

మలం తారులా నల్లగా వస్తున్నా, బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమవుతున్నా ఈ 2 వారాలు ఆగకండి. వెంటనే చూపించండి.