ఆత్మవిషయమై దీనులకు, పాడైన పట్టణాలకు సంబంధం ఏమిటి?

మత్తయి సువార్త 5:3లోని "ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు" అన్న మాటలో దీనత్వమంటే ఆత్మబలం లేకపోవడం కాదు. అక్కడి గ్రీకు పదానికి చేయి చాచవలసినంత పేదరికమని అర్థం కాబట్టి, దేవుని ఎదుట చూపించుకోవడానికి తన దగ్గర ఏమీ లేదని ఎరిగినవారే ఆ దీనులు. లూకా 6:20 ఆత్మ ప్రస్తావన లేకుండా బీదలనే ధన్యులంటుంది గనుక, ఈ మాటను కేవలం లోపలి భావనగా కుదించడం సరికాదని నా అభిప్రాయం.

పట్టణాలతో ముడి యెషయా 61వ అధ్యాయంలో ఉంది. నజరేతు సమాజమందిరంలో యేసు చదివిన భాగం అదే. దీనులకు సువర్తమానంతో మొదలయ్యే ఆ ప్రవచనం, నాలుగో వచనానికి వచ్చేసరికి, ఓదార్పు పొందిన ఆ దుఃఖితులే పాడైన పురాలను నూతనంగా కడతారని చెబుతుంది. అంటే కట్టేవారు బయటినుంచి వచ్చిన దాతలు కారు. యిర్మీయా 29:7 మరో అడుగు ముందుకు వేసి, తమను చెరపట్టిన బబులోను క్షేమం కోసమే ప్రార్థించమని యూదులకు చెప్పింది.

ఆచరణలో దీనికి ఉదాహరణ 1865లో తూర్పు లండన్ పేదల పేటలలో క్రైస్తవ బోధకులైన విలియం బూత్ దంపతులు ప్రారంభించిన పని. తరువాత సాల్వేషన్ ఆర్మీగా మారిన ఆ సంస్థ ప్రార్థనలతో ఆగక, 1891లో అగ్గిపెట్టెల కర్మాగారం తెరిచి, అప్పట్లో అగ్గిపుల్లల తయారీలో వాడుతూ కార్మికుల దవడ ఎముకలను కుళ్లబెట్టిన తెల్ల భాస్వరాన్ని మాని, మెరుగైన కూలి ఇచ్చింది.