యాంప్లిఫయర్‌కు ఫ్యూజు ఒక్కటి సరిపోతుందా?

ఒంగోలులో డాబా మీద హామ్ రేడియో కోసం 40 మీటర్ల బ్యాండు ఇన్వర్టెడ్ వీ యాంటెన్నా వేశానని, 100 వాట్ల రిగ్గు (రేడియో సెట్టు) వెనక 300 వాట్ల ఎల్‌డీమాస్ ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ బోర్డు పెడుతున్నానని, సప్లైలో మంచి ఫ్యూజు వేస్తే చాలా అని అడిగారు. చాలదండీ. ఫ్యూజు కరిగేలోపే ట్రాన్సిస్టర్ పోతుంది, ఫ్యూజు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. నాకు రెండుసార్లు అదే జరిగింది.

మాది కావలి. మొదటిసారి పోయినప్పుడు యాంటెన్నాను అనుమానించాను. డైపోల్ యాంటెన్నా నడిమి కనెక్టరు విప్పితే చిలుము పట్టి పచ్చగా ఉంది, కోయాక్స్ కేబుల్ లోపలి అల్లిక నల్లబడిపోయింది. ఉప్పుగాలి, పైగా నేను టేపు సరిగ్గా చుట్టలేదు. అయినా గదిలో మీటరు ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత తిరిగొస్తోందో చెప్పే నిష్పత్తి, 1 అయితే ఏమీ రానట్టు) 3 దాటి ఎప్పుడూ చూపలేదు! పాడైన కేబుల్, యాంటెన్నాకు పోయే పవర్‌లో సగం తినేస్తుంది, తిరిగొచ్చేదాంట్లో మళ్లీ సగం తినేస్తుంది. ఇలా 3 డీబీ నష్టమున్న, అంటే సగం తినేసే కేబుల్ చివర యాంటెన్నా ఊడిపోయినా మీటరు 3 దగ్గరే ఆగుతుంది. అందుకే కేబుల్ చివర డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను వేడిగా మార్చే రెసిస్టర్) పెట్టి, అక్కడికి ఎన్ని వాట్లు చేరుతున్నాయో ఒకసారి కొలవండి.

కేబుల్ మార్చాను, ఎస్‌డబ్ల్యూఆర్ 1.3కి దిగింది, కొత్త ట్రాన్సిస్టర్ వేశాను. మూడో రోజు అదీ పోయింది. ఈసారి తప్పు రిగ్గుది. పవర్ 5 వాట్లకు తగ్గించి పెట్టినా, కొన్ని రిగ్గులు పీటీటీ (ప్రసారం మొదలుపెట్టే బటను) నొక్కగానే, పవర్‌ను అదుపు చేసే ఏఎల్‌సీ సర్క్యూట్ అందుకునేలోపు, కొన్ని మిల్లీసెకన్ల పాటు దాదాపు పూర్తి పవర్ వదిలేస్తాయి. ఎల్‌డీమాస్ గేటు దాన్ని తట్టుకోలేదు. ఇప్పుడు బోర్డు ముందు 13 డీబీ అటెన్యుయేటర్ (పవర్‌ను ఇరవయ్యో వంతుకు తగ్గించేది) పెట్టి, రిగ్గును 100 వాట్లలోనే నడుపుతున్నాను. బోర్డుకు 5 వాట్లే చేరతాయి, రిగ్గు పవర్ ఒక్కసారిగా ఎగరడానికి పైన చోటు లేదు. మిగతా 95 వాట్లు వేడిగా పోతాయి కాబట్టి దానికి పెద్ద హీట్‌సింకు కావాలి.

యాంటెన్నా వైపు కాపలాకు అవుట్‌పుట్‌లో డైరెక్షనల్ కప్లర్ (తిరిగొచ్చే పవర్‌ను విడిగా కొలిచేది), దాని రిఫ్లెక్టెడ్ వోల్టేజీ హద్దు దాటితే చెప్పే ఎల్‌ఎం393 కంపారేటర్, ఆ తర్వాత ఒకసారి ట్రిప్ అయితే అలాగే పట్టి ఉంచే లాచ్. ఆర్డ్యునో (ప్రోగ్రాంతో నడిచే చిన్న బోర్డు) డిస్‌ప్లేకి పెట్టుకోండి, ఈ పనికి వద్దు. ఎస్‌డబ్ల్యూఆర్ 2 అయితే 300 వాట్లలో 33 తిరిగొస్తాయి. నేను ట్రిప్ పాయింటు 30 వాట్ల దగ్గర సెట్ చేశాను. ట్రిప్ అయితే ట్రాన్సిస్టర్‌కు కరెంటు ఇచ్చే డ్రెయిన్ సప్లైని మోస్‌ఫెట్ స్విచ్ తెంచాలి, రిగ్గు పీటీటీ కూడా పడిపోవాలి. యాంటెన్నా రిలేను ముందు కదిలించకండి. పవర్ ప్రవహిస్తుండగా అది తెరుచుకుంటే కాంటాక్టులు కాలతాయి, ఆ క్షణం యాంప్లిఫయర్‌కు అసలు లోడే ఉండదు. లాచ్ చేత్తోనే రీసెట్ అవ్వాలి, లేకపోతే ఎస్‌ఎస్‌బీలో (మాటను బట్టి పవర్ పెరిగి తగ్గే ప్రసార పద్ధతి) ప్రతి మాటకూ కొట్టుకుంటూ ఉంటుంది.

పరీక్షించడానికి యాంటెన్నా పాడు చేసుకోనక్కర్లేదు. రెండు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్లను టీ కనెక్టరుతో కలిపితే 25 ఓమ్‌లు, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ 2. ముందు ట్రిప్ పాయింటు 5 వాట్లకు దించి, అవుట్‌పుట్ 50 వాట్ల దగ్గర చూడండి. తెగితేనే పైకి వెళ్లండి.